మా నాన్నకి చెవిగా పదకొండేళ్లు

పందెం కారులో నా ఉద్యోగం మా నాన్న తొడ మీద తట్టడం. పదకొండేళ్లు చేశాను. "నువ్వూ రేసు డ్రైవరువేనట కదా" అని ఎవరైనా అడిగితే, "డ్రైవర్ని కాదండీ, డ్రైవరు చెవిని" అనేవాణ్ణి. వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. నేను చెప్పింది అక్షరాలా నిజం.

మా పందేలు సన్నగా, చేపపిల్లల్లా ఉండే కార్ల పందేలు కావు. కారు షాపులో ఎలా అమ్మారో అలాగే ఉండాలి, అదీ రూలు. మాదొక పాత అంబాసిడర్. ఏదో ఆఫీసులో అరిగిపోయాక వేలంలో వస్తే నాన్న పట్టుకొచ్చాడు. వెనక సీటు పీకేసేవాళ్లం, హారన్ తీసేసేవాళ్లం, అంతవరకూ ఒప్పుకునేవారు. మిగతాదంతా పెళ్లివారిని స్టేషన్లో దించి వచ్చిన బండిలాగే ఉండేది. జంషెడ్‌పూర్ నుంచి ధల్‌భూమ్‌గఢ్ వైపు వెళ్తే యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వే ఒకటుంది. చలికాలంలో రెండు మూడు ఆదివారాలు అక్కడ పశువుల్ని తోలేసి, రెండు కొసల్లోనూ తారు డ్రమ్ములు పెట్టి, వాటి చుట్టూ తిప్పేవారు. పక్క సీట్లో ఒక మెకానిక్కు కూర్చోవచ్చు. ఆ మెకానిక్కుని నేను.

పందేల పిచ్చి మా తాతతో మొదలైంది. శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్‌కి కూలిపనికొచ్చి, ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా కుదిరాడు. కాంట్రాక్టర్లు సాయంత్రాలు నది ఒడ్డు రోడ్డు మీద ఒకరి మీద ఒకరు పందేలు కాసుకునేవారట. కాసేది వాళ్లు, నడిపేది మా తాత. నాన్నకి ఇరవై రెండేళ్లు నిండిన రోజున తాత కుడి సీట్లోంచి దిగి, చుట్టూ తిరిగొచ్చి ఎడమ సీట్లో కూర్చుని, నోట్లో కిళ్లీ సర్దుకుని, "ఇంక నువ్వు తోలు" అన్నాడట. మా ఇంట్లో పొలాలూ లేవు, కొట్లూ లేవు. తండ్రి కొడుక్కి ఇచ్చేది ఆ కుడి సీటే. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నేను కోరుకున్నదీ అదే.

ఇప్పుడు నాన్న సంగతి చెప్పాలి. మా నాన్న ఉక్కు మిల్లులో క్రేన్ డ్రైవరు. చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి సగం పోయిన వినికిడి, మిల్లు మోతలో మిగతా సగమూ పోయింది. అక్కడ అది పెద్ద విషయమేమీ కాదు. ఆ మోతలో చెవులున్నవాడికీ లేనివాడికీ వినబడేది ఒకటే. క్రేన్ పైకప్పు కింద పట్టాల మీద నడుస్తుంది. డ్రైవరు పైన చిన్న గదిలో ఉంటాడు. కింద నిలబడ్డ ఖలాసీ చెయ్యి ఎత్తితే బరువు పైకి, దించితే కిందికి, పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఆగిపోవాలి. పైనుంచి డ్రైవరుకి కింద మనుషులు ఎక్కడున్నారో సరిగ్గా కనపడదు. అందుకే అక్కడ ఒకటే ధర్మం: ఖలాసీ చేతిని డ్రైవరు అనుమానించకూడదు. ఆలోచిస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే ఎవడో ఒకడు పోతాడు. నాన్న ఇరవై ఏళ్లకు పైగా అలా బతికాడు. ఆయన చేతిలో ఎవడికీ గోరు కూడా విరగలేదు.

కానీ కారుకి ఖలాసీ లేడు కదా. మాటిమాటికీ గేరు మార్చాలి, ఎప్పుడు మార్చాలో ఇంజను గొంతే చెబుతుంది. మా స్పీడోమీటరు ముల్లు మలేరియా వచ్చినట్టు వణుకుతూ ఉండేది, దాన్ని నమ్మడానికి లేదు. పాత బండి కావడంతో ఒళ్లంతా ఒకేలా అదిరేది, ఏ అదురు దేనిదో ఆయనకి తెలిసేది కాదు. తాత ఉన్నంతకాలం పక్కన కూర్చుని తనే తట్టాడు. తాత పోయాక ఆ పని నాకొచ్చింది. అప్పుడు నేను ఎనిమిదో క్లాసు రెండోసారి చదువుతున్నాను. మూడోసారి చదవడానికి మాస్టారికే ఓపిక లేకపోయింది. బిష్టుపూర్ బజారులో ఒక సర్దార్జీ గ్యారేజీలో పనికి చేరాను, ఆదివారాలు నాన్న పక్కన చేరాను.

ఎడమ తొడ మీద ఒకసారి తడితే పై గేరు. రెండుసార్లయితే కింది గేరు. గుద్దితే కాలు తీసెయ్, ఏదో తేడా చప్పుడొస్తోందని. అంతే మా భాష. నాన్న రోడ్డు మీంచి కళ్లు తిప్పేవాడు కాదు. నా వేలు పడేలోపే కాలు క్లచ్చి మీద ఉండేది, అంత చురుకు. మేము గెలిచేవాళ్లం. ప్రతిసారీ కాకపోయినా, కలకత్తా నుంచి కొత్త బండ్లేసుకుని వచ్చే కుర్రాళ్లు "ఆ బహిరా వచ్చాడా" అని, ఆ చెవిటోడు వచ్చాడా అని, ముందే వాకబు చేసేంతగా గెలిచేవాళ్లం.

చెవుడున్న తండ్రితో బతకడంలో నాలాంటి వాగుడుకాయకి బోలెడు సుఖం ఉంది. నాన్న మొహంలోకి చూసి, పెదాలు సరిగ్గా కదపకుండా, వినయంగా నవ్వుతూ, "ఏటి ముసలి గేదె, ఇయాల బురదలోకి దించుతావా?" అనేవాణ్ణి. ఆయన "అవునవును, టైర్లు సూసేను" అని తలూపేవాడు. పక్కనున్నవాళ్లు పొట్టలు పట్టుకునేవారు. వాళ్లెందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా నాన్న కూడా నవ్వేవాడు. అలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

నాకు ఇరవై రెండు వచ్చింది. ఆ చలికాలం మొదటి పందేనికి నేను కారు చుట్టూ తిరిగొచ్చి కుడి తలుపు దగ్గర నిలబడ్డాను. నాన్న వచ్చి, నన్ను చేత్తో పక్కకి జరిపి, ఎక్కి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ సైగలతోనూ అరుపులతోనూ అడిగింది.

"పిల్లోడికి ఇత్తానన్నావు కదేటి! మీ అయ్య నీకు ఇవ్వలేదేటి?"

నాన్న అన్నం కలుపుతూ పెద్ద గొంతుతో, చెవిటివాళ్ల గొంతుతో అన్నాడు: "ఇత్తాను. ఇంకో ఏడు."

ఇంకో ఏడు, ఇంకో ఏడు అంటూ నాకు ఇరవై ఆరు దాటింది. ఒకసారి నేనే ఎదురుగా కూర్చుని, నోరు కదలడం కనపడేలా నిదానంగా అడిగాను. "నాన్నా, నాకెప్పుడు?"

"నాను దిగిపోతే నాకేటుంటాదిరా?" అన్నాడు. "ఈదిలో బహిరా అంటారు. మిల్లులో బహిరా అంటారు. ఆ రన్‌వే మీదొక్కటే నా పేరెట్టి పిలుత్తారు."

అర్థమైంది. అర్థమైనా కోపం పోలేదు. రోజూ గ్యారేజీలో పక్కవాళ్ల బండ్లని ట్రయలు చూసే వంకతో నది రోడ్డు మీద తోలేవాణ్ణి. నేను నాన్న కన్నా బాగా తోలుతానని నాకు గట్టి నమ్మకం. నడపనిచ్చేదాకా ఎవడికైనా అలాగే ఉంటుంది.

ఎనభైలు మొదలైన ఒక చలికాలం పొద్దున్న. పొగమంచు విడుతోంది. పందేనికి ముందు కార్ల చుట్టూ జనం. కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నాన్నని మెచ్చుకుని, నన్ను చూపించి, మీవాడు కూడా తోలుతాడా అని సైగ చేసి అడిగాడు. నాన్న నా భుజం తట్టి, అందరికీ వినబడేలా హిందీలో, "యే? యే మేరా కాన్ హై, బస్" అన్నాడు. వీడా? వీడు నా చెవి, అంతే. అందరూ నవ్వారు. నా జోకే అది, నేను ఎన్నోసార్లు వేసుకున్న జోకే. ఆయన నోట వినేసరికి నేను వెళ్లి ఎడమ సీట్లో కూర్చుని తలుపు లాగేసుకున్నాను.

ఎనిమిది చుట్లు. ఆరు చుట్లు మేమే ముందు. కలకత్తా కుర్రాడు మా వెనకే ఉన్నాడు. ఏడో చుట్టులో డ్రమ్ముల చుట్టూ తిరిగి బయటికొచ్చాం. మూడో గేరులో బండి లాగుతోంది, ఇంజను గొంతు పెరుగుతోంది. తట్టాల్సిన చోటు వచ్చింది. నా చెయ్యి గాల్లో ఉంది.

దించలేదు.

మనసులో లెక్కపెట్టాను. ఒకటి. ఇంజను అరుస్తోంది. రెండు. నాన్న రోడ్డు వైపే చూస్తున్నాడు. కాలు క్లచ్చి పక్కన సిద్ధంగా ఉంది, నా వేలి కోసం చూస్తోంది. ఒక్కసారైనా నావైపు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. మూడు. లోపల ఏదో ఇనుము ఇనుముకి కొట్టుకున్న చప్పుడు. అప్పుడు తట్టాను. వెంటనే గేరు పడింది, కానీ బండిలో పస పోయింది. కలకత్తా కుర్రాడు మా కుడి పక్కనుంచి దాటేశాడు. చివరి మలుపులో కింది గేరుకి తట్టడం మళ్లీ ఆలస్యం చేశాను. ఈసారి లెక్క కూడా పెట్టలేదు. బండి అదుపు తప్పి రెండు డ్రమ్ముల్ని పడగొట్టి పక్క గడ్డిలోకి దిగి ఆగింది.

దెబ్బలేమీ తగల్లేదు. నాన్న దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని తన ఎడమ కాలు వైపు చూసుకున్నాడు. తర్వాత అరచేత్తో ఆ కాలి మీద గట్టిగా కొట్టుకున్నాడు.

"నువ్వు తట్టేవు," అన్నాడు. "నాకు తెలిసింది. కాలే లెగలేదురా."

జీవితంలో నాకు జోకు తట్టని క్షణం అదొక్కటే.

సర్దార్జీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన నలభై ఏళ్లుగా ఇంజన్లు వింటున్న మనిషి. బానెట్ ఎత్తి చూసి, నన్ను పక్కకి లాగి, "అంతసేపు అరిచింది బండి. రన్‌వే ఆ చివర నాకే వినబడింది. తూ క్యా కర్ రహా థా?" అన్నాడు. నువ్వేం చేస్తున్నావురా అని.

"వేలికి నిద్రొచ్చింది సర్దార్జీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆయన మొహంలో కోపం, నా మొహంలో భయం చూసి నన్ను తిడుతున్నాడని నాన్నకి అర్థమైనట్టుంది. వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"లడ్‌కే కో కుచ్ మత్ బోలో" అన్నాడు సర్దార్జీతో, కుర్రాణ్ణి ఏమీ అనొద్దని. నావైపు తిరిగి మన మాటలో అన్నాడు: "ఖలాసీ సేతిలో తప్పుండదు. డ్రైవరు ముసలోడైపోనాడు, అంతే."

చెప్పేయాల్సింది అప్పుడే. సర్దార్జీ అక్కడే ఉన్నాడు, నాకు సైగలూ వచ్చు, పగలు పది గంటలు. నేను వెళ్లి పడిపోయిన డ్రమ్ముల్ని లేపాను.

మర్నాడు పొద్దున్నే నాన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వు తోలు." తాత అన్న మాటే. నాలుగేళ్లు దాని కోసం ఏడ్చినవాణ్ణి, తీసుకుని జేబులో వేసుకున్నాను. ఇంజను బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుందో మనసులో లెక్క కూడా వేసుకున్నాను. అంత నీచుణ్ణి.

ఆ తర్వాత జరిగింది మాత్రం నా లెక్కలో లేదు.

మూడో రోజు డ్యూటీకి వెళ్లిన నాన్న తొందరగా తిరిగొచ్చేశాడు. అమ్మ కంగారుపడి, "ఏటయ్యింది? ఒంట్లో బాగోలేదేటి?" అని చేతులు తిప్పింది. నాన్న చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, గుమ్మంలో కూర్చున్నాడు.

"ఫోర్మేన్‌కి సెప్పీసేను. ఇంక క్రేన్ ఎక్కనని."

"ఓలమ్మో! ఎందుకూ?"

"క్రేన్ బ్రేకు కాలితోనే కదే. లెగాల్సినప్పుడు కాలు లెగనోడు జనం నెత్తి మీద ఇనుం తిప్పకూడదు. ఇయాల కారు గడ్డిలోకి దిగింది. రేపు ఎవుడి మీదకి దిగుతాదో."

అమ్మ నావైపు చూసింది. "నువ్వు సెప్పరా. నీ మాట వింటాడు. ఒక్క పందెం ఓడితే ఇంతేటి?"

నేను ఆయన ఎదుట చతికిలబడి, "నాన్నా, నీ కాలు బాగానే ఉంది" అన్నాను, పెదాలు కనపడేలా. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "నీకు అలాగే అనిపిత్తాది, నా కొడుకువి కదా" అన్నాడు.

ఫోర్మేన్ మంచివాడే, వారం ఆగి ఆలోచించుకోమన్నాడు. వారం రోజులూ నాన్న మంచం మీద కూర్చుని ఎడమ కాలు ఎత్తి దించి, ఎత్తి దించి చూసుకున్నాడు. మామూలుగానే లేచేది. కానీ మనిషి ఒకసారి అనుమానంతో చూడడం మొదలుపెడితే ప్రతిదీ ఆలస్యంగానే కనపడుతుంది. వారం తర్వాత ఆయన్ని పనిముట్ల గదిలో వేశారు. కిటికీ ముందు కూర్చుని, ఎవరైనా ఇత్తడి బిళ్ల ఇస్తే పానా ఇవ్వడం, పానా తిరిగిస్తే బిళ్ల ఇవ్వడం. అక్కడ మిల్లు మోత ఉండదు. జనం చేతులు ఊపడం మానేసి నోటితో అడుగుతారు. మోతలో ఎవరికీ తీసిపోని మనిషి, ఆ నిశ్శబ్దంలో నిజంగా చెవిటివాడయ్యాడు. వినబడక ఒకటి అడిగితే ఇంకొకటి ఇచ్చేవాడట. కుర్రాళ్లు కావాలని పెదాలు మూసుకుని అడిగి నవ్వేవాళ్లని విన్నాను. వాళ్లని తిట్టే అర్హత నాకెక్కడిది? ఆ ఆట కనిపెట్టింది నేనే.

ఇక నా డ్రైవరు జీవితం. ఆరు చలికాలాలు తోలాను. ఒక్కసారి రెండో స్థానం వచ్చింది, అదీ ముందున్న రెండు బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం వల్ల. మిగతావన్నీ చెప్పుకునేవి కావు. పెద్ద కారణమేమీ లేదు. పశ్చాత్తాపంతో చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది గానీ, వణకలేదు. నాకు అంత చేతకాదు, అంతే. ఇంజను గొంతు విని గేరు ఎప్పుడు మార్చాలో నాకంటే బాగా తెలిసినవాడు ఆ రన్‌వే మీద లేడు. మలుపులో బండిని ఎంతవరకూ వదలాలో, ఎక్కడ పట్టుకోవాలో మాత్రం నాకు ఎప్పటికీ తెలియలేదు. అది నాన్నకి తెలుసు. నేను మంచి చెవినే. ఆయన అన్నది తిట్టు కాదు, ఉన్న మాట.

ప్రతి పందేనికీ నాన్న వచ్చేవాడు. పక్క సీట్లో కూర్చోమంటే, "చెవిటోడు పక్కనెందుకు, బరువు తప్ప" అనేవాడు. తాడు దగ్గర జనంలో నిలబడేవాడు. ఓడి వచ్చిన ప్రతిసారీ నా తప్పుకి ఒక సాకు దొరికేది ఆయనకి. టైరు బాగోలేదు, ఎండ కళ్లలో పడింది, ఆ కలకత్తావాడు అడ్డొచ్చాడు. నా తరఫున ఆయన వాదిస్తుంటే నేను బానెట్‌లో తల దూర్చేవాణ్ణి.

ఒకసారి, ఒక ఆదివారం పొద్దున్న, సిద్ధగోరాలో మా క్వార్టరు ముందు కారు కడుగుతున్నాం. ఇద్దరమే ఉన్నాం. చెప్పేద్దామనుకున్నాను. నా గుండె మీద వేలు పెట్టుకున్నాను, చెయ్యి గాల్లో ఎత్తి ఆపాను, తల అడ్డంగా ఊపాను. కావాలని చేశానని చెప్పాలి. మిల్లు సైగల్లో ఎత్తు, దించు, ఆపు, మెల్లగా, ప్రమాదం, అన్నీ ఉన్నాయి. కావాలని అనడానికి సైగ లేదు. పెదాలతో చెబుదామంటే నా పెదాలు కదలలేదు. నాన్న తడిగుడ్డ పట్టుకుని నా చేతిని చూస్తూ నిలబడ్డాడు. నేను నా డ్రైవింగు గురించి బాధపడుతున్నాననుకున్నాడు.

"పోన్లేరా" అన్నాడు. "అందరూ గెలుత్తారేటి? నువ్వు నాలాగ ముసలోడివి కాదు కదా, నేర్సుకుంటావు."

బకెట్లో గుడ్డ పిండి, మళ్లీ తలుపు తుడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నేను ప్రయత్నించలేదు.

నాన్న రిటైరైంది ఎనభైల చివర్లో. ఆఖరి రోజు నేను కూడా లోపలికి వెళ్లాను, ఇంటివాళ్లని ఆ ఒక్కరోజు రానిచ్చేవారు. పనిముట్ల గదివాళ్లు మిఠాయి పంచారు. మిల్లులో పాత ఖలాసీలు మాత్రం ఊరుకోలేదు. దండ వేసిన మనిషిని అలాగే నడిపించుకుంటూ క్రేన్ నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లారు. అందరూ చుట్టూ నిలబడ్డారు, ఇరవై మందికి పైనే. వాళ్లలో పెద్ద ఖలాసీ, మా ఊరివైపు మనిషే, నాన్నకి ఎదురుగా వచ్చి చెయ్యి పైకెత్తాడు. ఎత్తు అని. తర్వాత నోటితో కూడా అన్నాడు:

"ఒక్కసారి ఎక్కు బావా. ఖాళీ కొక్కెమే. కింద ఎవుల్నీ ఉండనివ్వం. అటూ ఇటూ తిప్పీసి దిగిపో. నువ్వు తిప్పితే సూసి శాన్నాళ్లయినాది."

నాన్న నిచ్చెనని చేత్తో పట్టుకున్నాడు. పైకి చూశాడు. ఎడమ కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. ఒక్క క్షణం ఎక్కేస్తాడనే అనుకున్నాను. తర్వాత కాలు దించేశాడు.

"వద్దు బాబూ" అన్నాడు ఆ పెద్ద గొంతుతో. "ఇది నా మాట ఇనదు."

పెద్ద ఖలాసీ నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పరా అల్లుడా. ఆ కాలికేటి అయ్యింది? బాగానే నడుత్తున్నాడు కదా?"

అందరూ నా మొహమే చూస్తున్నారు. నాన్న కూడా. ఆ పూట నా నోట్లోంచి ఏ మాట వచ్చినా ఆయనకి వినబడదు, కానీ మిగతావాళ్లకి వినబడుతుంది, వాళ్లకి సైగలొచ్చు, వాళ్లు ఎలాగోలా ఆయనకి తెలియజెప్పగలరు. అంతకన్నా మంచి అవకాశం నాకు ఎప్పుడూ దొరకదని తెలుస్తూనే ఉంది.

"ఎక్కించడానికేముంది మావా" అన్నాను. "దింపడానికి ఇంకో క్రేన్ కావాల."

ఇరవై మందీ ఒక్కసారి గొల్లుమన్నారు. పెద్ద ఖలాసీ నా వీపు మీద చరిచాడు. నాన్న వాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, ఏదో మంచి మాటే అయ్యుంటుందని, తనూ నవ్వాడు.